ఏ మందు పరీక్షించాలన్నది తర్వాత, ముందు లెక్క ఎలా పెడుతున్నారో చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ప్రజారోగ్యంలో పీజీ పూర్తిచేశారు. వర్ధమాన దేశాల్లో తల్లులు, నవజాత శిశువుల ఆరోగ్యం మీద పరిశోధనలోకి రావాలనుకుంటున్నారు. ఆసుపత్రి కాన్పులు ఇంతగా పెరిగినా మరణాలు ఆ మేరకు ఎందుకు తగ్గలేదు, ఒకే చికిత్స మీద ఒక ట్రయల్ (చికిత్స అందిన గ్రూపును అందని గ్రూపుతో పోల్చే పరీక్ష) అవునంటే ఇంకొకటి కాదంటుంటే దేన్ని నమ్మాలి, ఇప్పుడు ఏ మందునో పద్ధతినో పరీక్షిస్తే ఎక్కువ మేలు అని అడిగారు. చాలా ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ రంగంలో వచ్చిన పెద్ద విజయాలను, పెద్ద ఎదురుదెబ్బలను పక్కపక్కన పెట్టి చదివితే, మందు ఎంత మంచిదన్న సంగతి కంటే ఇంకో సంగతి ఎక్కువగా ఫలితాన్ని తేల్చినట్టు కనిపిస్తుంది. రక్తం ఎంత పోయిందో, గర్భం ఎన్ని వారాలదో, బిడ్డ ప్రాణంతో పుట్టిందో లేదో ఎంత సరిగ్గా కొలిచారన్నదే ఆ సంగతి. అందుకే చికిత్సను ఎంచుకోవడానికి ముందు కొలత దగ్గర కూర్చోమంటాను.

అసలు అంకెలతోనే మొదలుపెడదాం. 2023లో ప్రపంచం మొత్తం మీద సుమారు 2,60,000 మంది స్త్రీలు గర్భంతో ఉండగానో, కాన్పులోనో, ఆ తర్వాత 42 రోజుల్లోపో చనిపోయారని ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా. పదింట తొమ్మిదికి పైగా మరణాలు పేద, దిగువ మధ్యాదాయ దేశాల్లోనే జరిగాయి. 2022లో పుట్టిన నెలలోపే పోయిన పిల్లలు 23 లక్షలు. వీరు కాక ఏటా దాదాపు 19 లక్షల మంది బిడ్డలు చనిపోయి పుడుతున్నారు. ఇవన్నీ అంచనాలన్నది మరిచిపోకండి. మరణాలు ఎక్కువగా ఉన్న దేశాల్లోనే జనన మరణాల నమోదు బలహీనంగా ఉంటుంది. అందుకే 1989లో వెండీ గ్రాహం, ఆమె సహచరులు ఒక ఉపాయం ప్రచురించారు. ఇంటింటికీ వెళ్లి పెద్దవాళ్లను వాళ్ల అక్కచెల్లెళ్ల గురించి అడుగుతారు. ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు, పోయినవాళ్లలో గర్భంతోనో కాన్పు సమయంలోనో పోయినవాళ్లెందరు అని. దీన్ని మొదట గాంబియాలో పరీక్షించారు. నమోదు లేని చోట కూడా తల్లుల మరణాలను లెక్కించవచ్చని దానివల్ల తెలిసింది. అయితే ఆ లెక్క చాలా ఏళ్ల వెనకటి పరిస్థితిని చెబుతుంది. నిన్న మొదలుపెట్టిన కార్యక్రమం ఫలించిందో లేదో అది చెప్పలేదు.

మీరు ట్రయల్ చేయాలనుకుంటున్నారు కాబట్టి ఈ చిన్న లెక్క వేసి చూడండి. లక్ష కాన్పులకు 200 మంది తల్లులు పోయే చోట పదివేల కాన్పులను గమనిస్తే మీకు కనబడే మరణాలు ఇరవై. వాటిని నాలుగో వంతు తగ్గించే చికిత్స మీ చేతిలో ఉందనుకుందాం. అది నిజంగానే తగ్గించిందని మామూలు గణాంక ప్రమాణాలతో చూపాలంటే రెండు గ్రూపులూ కలిపి రెండు లక్షలకు పైగా కాన్పులు కావాలి. ఊళ్లవారీగానో ఆసుపత్రులవారీగానో గ్రూపులు చేస్తే ఇంకా ఎక్కువే కావాలి. కొత్తగా వచ్చినవాళ్లు ఇక్కడే చతికిలబడతారు. మూడువేల కాన్పులతో అధ్యయనం చేసి, తల్లుల మరణాల్లో తేడా లేదని రాస్తారు. తేడా ఉన్నా అంత చిన్న సంఖ్యలో కనిపించే అవకాశం లేదు.

రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ అనే మందు మీద జరిగిన వుమన్ ట్రయల్‌ను చూడండి. 21 దేశాల్లో 20,060 మందిని తీసుకున్నారు. అందరూ కాన్పు తర్వాత రక్తస్రావం మొదలైనవాళ్లే. ప్రమాదం ఎక్కువగా ఉన్నవారినే ఎంచుకున్నారు కాబట్టి ఆ సంఖ్య సరిపోయింది. 2017లో వచ్చిన ఫలితం ప్రకారం రక్తస్రావంతో మరణించినవారు మందు తీసుకున్న గ్రూపులో 1.5 శాతం, తీసుకోని గ్రూపులో 1.9 శాతం. మూడు గంటల్లోపు ఇస్తే అది 1.2, 1.7. మూడు గంటలు దాటాక ఇస్తే ప్రయోజనం కనబడలేదు. అంటే మందు పనిచేస్తుంది, కానీ రక్తం ఎక్కువగా పోతోందని ఎవరో ఒకరు సమయానికి గుర్తించాలి.

ఆ గుర్తించడం మీదనే ఈమోటివ్ ట్రయల్ జరిగింది. నా దృష్టిలో ఈ దశాబ్దంలో మన రంగంలో వచ్చిన గొప్ప అధ్యయనాల్లో అదొకటి. కాన్పు గదిలో రక్తం ఎంత పోయిందో కంటిచూపుతో అంచనా వేయడం చాలా చోట్ల అలవాటు. ఆ అంచనా దాదాపు ఎప్పుడూ అసలు కంటే తక్కువే వస్తుంది. తువ్వాళ్లలో ఇంకినది, నేలమీద పడినది, ఉమ్మనీటితో కలిసిపోయినది ఎవరికీ సరిగ్గా తెలియదు. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లోని 80 ఆసుపత్రుల్లో, రెండు లక్షలకు పైగా సహజ కాన్పుల మీద పనిచేశారు. సగం ఆసుపత్రుల్లో తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచారు. గీత దాటగానే గర్భసంచిని మర్దన చేయడం, అది ముడుచుకునే మందు, ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్, రక్తం ఎక్కడినుంచి వస్తోందో పరీక్ష, ఆగకపోతే పైవాళ్లను పిలవడం, ఇవన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగకుండా ఒకేసారి మొదలుపెట్టాలి. మిగతా ఆసుపత్రుల్లోనూ రక్తం సంచిలోనే పడింది, కానీ దానిమీద గీతలు లేవు. తర్వాత తూకం వేసి అసలు ఎంత పోయిందో లెక్కకట్టారు. గీతలున్న చోట రక్తస్రావాన్ని 93 శాతం కేసుల్లో గుర్తించారు, లేనిచోట 51 శాతంలోనే. తీవ్ర రక్తస్రావం, దానికోసం పొట్ట కోసి ఆపరేషన్ చేయడం, దానివల్ల మరణం, ఈ మూడింటినీ కలిపి చూస్తే 4.3 శాతం నుంచి 1.6 శాతానికి దిగింది.

ఆ చికిత్సల్లో కొత్తది ఏదీ లేదు. అన్నీ ఆ ఆసుపత్రులకు అప్పటికే తెలిసినవే. రక్తస్రావమవుతున్న తల్లుల్లో దాదాపు సగం మందిని ఎవరూ పసిగట్టకపోతే బీరువాలో మందు ఉండి ఏం లాభం? ఇంకో సంగతి కూడా గమనించండి. రెండు లక్షల కాన్పులున్నా, రక్తస్రావ మరణాలను విడిగా తీసి చూస్తే తేడాను రుజువు చేసేంత సంఖ్య అక్కడా రాలేదు. పైన చెప్పిన లెక్క గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఈ కొలత సంచి ఆలోచన కూడా కొత్తది కాదు. కర్ణాటకలోని బెళగావి జిల్లా పల్లెల్లో ఏఎన్ఎంల (పల్లెల్లో పనిచేసే ప్రభుత్వ నర్సుల) చేత గర్భసంచిని ముడుచుకునేలా చేసే మిసోప్రొస్టాల్ మాత్రలు ఇప్పించి చేసిన ట్రయల్‌లో అలాంటి సంచితోనే రక్తాన్ని కొలిచారు. 1,620 మంది తల్లులతో చేసిన ఆ అధ్యయనం 2006లో వచ్చింది. రక్తస్రావం 12 శాతం నుంచి 6.4 శాతానికి తగ్గింది. డాక్టరు లేని చోట నర్సు చేతి మాత్ర పనిచేస్తుందని వాళ్లు అంత నమ్మకంగా చెప్పగలిగారంటే, కొలత అంత గట్టిగా ఉండబట్టే.

ఇక ట్రయల్స్ ఒకదానికొకటి విరుద్ధంగా వస్తున్నాయన్న ప్రశ్న. దీనికి స్టెరాయిడ్ల కథకు మించిన ఉదాహరణ నాకు తెలియదు. నెలలు నిండకుండా కాన్పు వచ్చేలా ఉన్న తల్లికి స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని 1972లోనే న్యూజీలాండ్‌లో లిగిన్స్, హోవీ చూపించారు. సంపన్న దేశాల్లో అది మామూలు వైద్యమైపోయింది. మరి పల్లెల్లో, చిన్న ఆరోగ్య కేంద్రాల్లో కూడా ఇస్తే ఎన్ని ప్రాణాలు నిలుస్తాయో అని అర్జెంటీనా, గ్వాటెమాలా, భారత్, కెన్యా, పాకిస్థాన్, జాంబియాల్లో దాదాపు లక్ష జననాల మీద ఏసీటీ ట్రయల్ చేశారు. 2015లో ఫలితం వచ్చింది. చిన్న బిడ్డలకు లాభం కనబడలేదు. మొత్తం పిల్లలను తీసుకుంటే మరణాలు పెరిగాయి. ప్రతి వెయ్యి సజీవ జననాలకు స్టెరాయిడ్ కార్యక్రమం నడిపిన చోట 27.4, లేనిచోట 23.9. తల్లుల్లో ఇన్ఫెక్షన్ అనుమానిత కేసులు కూడా పెరిగాయి.

ఆ వార్త విన్నప్పుడు ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ గుండె ఝల్లుమంది. ప్రాణం పోస్తుందని నమ్మి ఇచ్చిన ఇంజక్షన్ అది. దీనికి ఒకే కారణం చెప్పలేం, కానీ గర్భం ఎన్ని వారాలదో సరిగ్గా తెలియకపోవడం వాటిలో పెద్దది. చివరి నెలసరి తేదీ చాలామందికి గుర్తుండదు. పొట్ట ఎత్తును టేపుతో కొలిచి వేసే లెక్క వారాల తేడాతో తప్పవచ్చు. దాంతో నెలలు నిండిన చాలామంది బిడ్డల తల్లులకు అవసరం లేని స్టెరాయిడ్ పడింది. అవసరమైన బిడ్డల తల్లుల్లో సగానికి పైగా మందికి అందనేలేదు. అందిన చోట కూడా, పుట్టిన చిన్న బిడ్డను నిలబెట్టడానికి ఆక్సిజన్, వెచ్చదనం, నర్సుల సంఖ్య చాలలేదు.

తర్వాత యాక్షన్ ట్రయల్ వచ్చింది. బంగ్లాదేశ్, భారత్, కెన్యా, నైజీరియా, పాకిస్థాన్‌లలోని 29 ఆసుపత్రుల్లో 2,852 మంది తల్లులను తీసుకున్నారు. గర్భం వయసును అల్ట్రాసౌండ్‌తో తేల్చి, 26 నుంచి 33 వారాల మధ్య ఉన్నవారికే డెక్సామెథాసోన్ ఇచ్చారు. పిల్లల మరణాలు 23.5 శాతం నుంచి 19.6 శాతానికి తగ్గాయి. లాభం స్పష్టంగా కనబడటంతో ట్రయల్‌ను ముందే ఆపేశారు. రెండింటిలోనూ ఇచ్చింది అదే మందు. మారిందల్లా ఎవరికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వడం, ఇచ్చాక చూసుకునే వసతి ఉండటం. కాబట్టి రెండు ట్రయల్స్ కొట్లాడుకుంటున్నట్టు కనబడితే, ఏది నిజం అని అడిగే ముందు రెండింటిలో మందు పడినవాళ్లు ఒకటేనా అని చూడండి. నవజాత శిశువు బొడ్డుకు క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ పూసే పద్ధతి విషయంలోనూ ఇదే జరిగింది. నేపాల్‌లోని సర్లాహీలో మరణాలు తగ్గాయి, జాంబియాలో, టాంజానియాకు చెందిన పెంబా దీవిలో తగ్గినట్టు తేలలేదు. ఇంటి కాన్పులు ఎన్ని, మరణాల రేటు మొదట్లోనే ఎంత ఉందన్నవి ఆ చోట్ల వేరువేరు.

మృతశిశువుల లెక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్లు చాలా తక్కువ. పుట్టగానే ఏడవని, కదలని బిడ్డను గుండె కొట్టుకుంటోందో లేదో చూడకుండానే చనిపోయి పుట్టిందని రాసేయడం ఎన్నో చోట్ల జరుగుతుంది. ఆ బిడ్డ ఏ రేటులోనూ సరిగ్గా పడదు. అర్జెంటీనా, కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం, గ్వాటెమాలా, భారత్, పాకిస్థాన్, జాంబియా పల్లెల్లో పురుడు పోసేవాళ్లకు నవజాత శిశు సంరక్షణలో శిక్షణ ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి 2010లో వచ్చింది. పుట్టిన వారంలోపు మరణాల్లో తేడా కనబడలేదు. అంతటితో ఆగితే శిక్షణ వృథా అనే రాసుకోవాలి. కానీ వాళ్లు మృతశిశువులను కూడా లెక్కించారు. ఆ సంఖ్య దాదాపు మూడో వంతు తగ్గింది. అంతకుముందు చనిపోయి పుట్టినట్టు పక్కన పెట్టిన కొందరు బిడ్డలకు ఇప్పుడు ఊపిరి అందించారన్నదే దీనికి సబబైన వివరణ. మీ అధ్యయనం ఏదైనా సరే, మృతశిశువులనూ మొదటి వారం మరణాలనూ కలిపిన లెక్క తప్పకుండా పెట్టుకోండి. సజీవంగా పుట్టినవారిని మాత్రమే లెక్కిస్తే, బతికించడంలో వచ్చిన మెరుగుదల మీ పట్టికలో మాయమైపోతుంది. ఒక్కోసారి మరణాలు పెరిగినట్టు కూడా కనబడుతుంది.

ఆసుపత్రి కాన్పుల సంగతికి వస్తాను. భారతదేశంలో 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి 38.7 శాతం ఉన్న ఆసుపత్రి కాన్పులు 2019-21 సర్వే నాటికి 88.6 శాతానికి చేరాయి. మరణాలు తగ్గాయి, నిజమే. కానీ తల్లి గుమ్మం లోపలికి వచ్చినంత మాత్రాన వైద్యం అందినట్టు కాదు. ఉత్తరప్రదేశ్‌లో 120 ఆరోగ్య కేంద్రాల్లో జరిగిన బెటర్‌బర్త్ ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. సురక్షిత కాన్పుకు డబ్ల్యూహెచ్ఓ రూపొందించిన చెక్‌లిస్టు ఇచ్చి, నర్సుల పక్కన నిలబడి నేర్పించారు. లక్షన్నరకు పైగా కాన్పులను గమనించారు. చేయాల్సిన పనుల్లో చేసినవి రెండు నెలలకు శిక్షణ లేని కేంద్రాల్లో 42 శాతమైతే, ఉన్న కేంద్రాల్లో 73 శాతం. తల్లుల, పిల్లల మరణాల్లో మాత్రం తేడా రాలేదు. ఆ నర్సులను తప్పుపట్టే వ్యాఖ్యలు చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. చేతులు కడుక్కోవడం, బీపీ చూడటం పెరిగాయి సరే. బీపీ ఎక్కువ ఉందని తేలాక ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చే ధైర్యం, మందు నిల్వ, ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి గంటలోపు చేర్చే బండి లేకపోతే ఆ కొలత అక్కడే ఆగిపోతుంది. ఆ మందు విషయంలో సందేహమే లేదు. 2002లో వచ్చిన మ్యాగ్‌పై ట్రయల్‌లో 33 దేశాల్లోని పదివేల మంది తల్లుల మీద అది ఫిట్స్ వచ్చే ప్రమాదాన్ని సగానికి పైగా తగ్గించింది. చెక్‌లిస్టులో టిక్కులు లెక్కపెట్టడం సులువు, టిక్కు పెట్టాక తల్లికి ఏం అందిందో లెక్కపెట్టడం కష్టం. మీరు ఆ కష్టమైనదే ఎంచుకోవాలని నా కోరిక.

ఆసుపత్రుల బయట జరిగిన పనిలోనూ ఇలాంటి పాఠమే ఉంది. నేపాల్‌లోని మక్వాన్‌పూర్‌లో స్త్రీల బృందాలు నెలనెలా కూర్చుని తమ సమస్యలు తామే చర్చించుకున్నాయి. నవజాత శిశు మరణాలు 30 శాతం తగ్గినట్టు 2004లో తేలింది. ఝార్ఖండ్, ఒడిశాల్లో ఏక్‌జుట్ సంస్థ చేసిన ట్రయల్‌లో 32 శాతం తగ్గాయి. బంగ్లాదేశ్‌లో అదే పద్ధతికి ఫలితం రాలేదు. 2013లో ఏడు ట్రయల్స్‌ను కలిపి విశ్లేషించినప్పుడు తేలిందేమిటంటే, గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది బృందాలకు వచ్చిన చోట నవజాత శిశు మరణాలు మూడో వంతు తగ్గాయి. బంగ్లాదేశ్ మొదటి ట్రయల్‌లో ఒక్కో బృందం చాలా ఎక్కువ జనాభాకు సరిపెట్టుకోవాల్సి వచ్చింది. మాత్రకు మోతాదు ఉన్నట్టే సమావేశానికీ ఉంటుంది, దాన్నీ కొలవాలి.

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ దంపతులు అభయ్ బంగ్, రాణీ బంగ్ చేసిన పనిని నేను ఎప్పుడూ ముందు చదవమంటాను. 39 ఊళ్లలో గ్రామ ఆరోగ్య కార్యకర్తలు ఇళ్లకు వెళ్లి బిడ్డను తూచారు, ఊపిరి చూశారు, సెప్సిస్ (ఒళ్లంతా పాకే ప్రమాదకర ఇన్ఫెక్షన్) లక్షణాలుంటే ఇంజక్షన్ ఇచ్చారు. పోల్చి చూడటానికి 47 ఊళ్లు. మూడో ఏడాదికి నవజాత శిశు మరణాల రేటు 62 శాతం తగ్గింది. 1999లో వచ్చిన ఆ అధ్యయనంలో ఊళ్లను లాటరీ వేసి ఎంపిక చేయలేదన్న విమర్శ ఉంది, అది న్యాయమైనదే. అయినా ఆ పని నిలబడటానికి కారణం, చికిత్స మొదలుపెట్టక ముందే ప్రతి జననాన్నీ ప్రతి మరణాన్నీ ఊరూరా నమోదు చేసే ఏర్పాటు వాళ్లు నిర్మించుకోవడం. తర్వాత భారతదేశం ఆశా కార్యకర్తల చేత ఇంటి సందర్శనలు చేయించడానికి ఈ పనే పునాది అయింది.

మరణాల కారణాలు తెలుసుకోవడానికి వెర్బల్ అటాప్సీ చేస్తారు, అంటే కుటుంబాన్ని కలిసి ఆ చివరి గంటల గురించి అడగడం. దీన్ని ఫారం నింపే పనిగా చూసే బృందాలంటే నాకు కోపం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఎదుట కూర్చునేవాళ్లకు ప్రశ్నలతో పాటు ఆగడం కూడా నేర్పాలి. ఆమె ఏడిస్తే ప్రశ్న మానేసి కూర్చోవాలి, వద్దంటే లేచి వచ్చేయాలి. సర్వేలో జబ్బుపడిన బిడ్డ కనిపిస్తే, మీ డిజైన్ ఏదైనా సరే, ఆ బిడ్డను చికిత్సకు చేర్చాకే మిగతా పని. కంట్రోల్ గ్రూపులో, అంటే పోలిక కోసం కొత్త చికిత్స ఇవ్వని గ్రూపులో, ఉన్నంత మాత్రాన ఎవరికీ ఇప్పటికే రుజువైన వైద్యం దూరం కాకూడదు. ఇవి ప్రోటోకాల్‌లోనే రాసుకోండి, డబ్బు కూడా కేటాయించండి.

ఇక ఏది చేస్తే మేలు అంటే, మూడు చోట్ల పని చాలా తక్కువగా జరిగిందని నా అభిప్రాయం. ఒకటి, ఇంతకుముందు చెప్పిన మృతశిశువులు. రెండోది, డిశ్చార్జి అయ్యాక తల్లికి ఏమవుతోందన్నది. బిడ్డ టీకా కోసం వస్తుంది కాబట్టి కనబడుతుంది, తల్లి కనబడదు. మూడోది, మందులకు లొంగని ఇన్ఫెక్షన్లు. ఢిల్లీలోని మూడు పెద్ద ఆసుపత్రుల్లో పుట్టిన పిల్లలను గమనించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, సెప్సిస్‌కు కారణమైన సూక్ష్మక్రిముల్లో ఎసినిటోబాక్టర్ ముందుంది. వాటిలో ఎక్కువ భాగం అనేక యాంటీబయాటిక్స్‌కు లొంగనివే. ఆసుపత్రికి రమ్మని తల్లులను పిలిచినవాళ్లం మనమే కాబట్టి అక్కడి క్రిములకు జవాబుదారీ కూడా మనమే.

మీకు ఏదైనా చికిత్సే పరీక్షించాలనుంటే, బరువు తక్కువ బిడ్డను తల్లి గుండెకు ఆనించి ఉంచే కంగారూ పద్ధతిని ఆసుపత్రుల్లో అమలు చేయడం మీద పనిచేయండి. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాల్లో జరిగి 2021లో వచ్చిన ట్రయల్‌లో, బిడ్డ స్థిమితపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే తల్లి గుండెమీద పెట్టినప్పుడు మరణాలు 15.7 నుంచి 12 శాతానికి తగ్గాయి. దానికి తల్లి రోజంతా ఐసీయూలో బిడ్డతోనే ఉండాలి. ఆమెకు మంచం, భోజనం, బాత్రూం కావాలి, ఆమె కాన్పు సమస్యలు చూసే డాక్టరు అక్కడికే రావాలి. ఆ ఏర్పాటు ఎలా చేయాలి, రోజుకు నిజంగా ఎన్ని గంటలు తల్లి దగ్గర ఉంటోంది, రాత్రిపూట ఆ గంటలు ఎందుకు పడిపోతాయి, ఇవి తేల్చే అధ్యయనాలు ఇంకా చాలా కావాలి.

ఏది ఎంచుకున్నా, మొదటి కొన్ని నెలలు ఒక్క పని చేయండి. ఒకే ప్రాంతంలో ఆసుపత్రి రిజిస్టరు, ఆరోగ్య కార్యకర్త పుస్తకం, ఇంటింటి సర్వే, ఈ మూడింటిలో జననాలు, మరణాలు పక్కపక్కన పెట్టి పోల్చండి. వేరే వార్డుకు మార్చాక పోయిన తల్లులు, పెద్దాసుపత్రికి పంపుతుంటే దారిలో పోయినవాళ్లు, కాన్పుకు వేరే ఊరు వెళ్లి తిరిగిరానివాళ్లు, పేరు పెట్టకముందే పోయిన బిడ్డలు ఒక్కో పుస్తకంలో ఒక్కో రకంగా జారిపోతారు. ఎవరు ఎక్కడ జారిపోతున్నారో రాసుకుని, 42వ రోజు తల్లిని కలిసే ఏర్పాటు చేసుకున్నాకే మీ ట్రయల్‌కు ఎన్ని కాన్పులు కావాలో లెక్క వేయండి.